ఎడమచేత్తో తోసిన కంచం

1948 వేసవి. అప్పుడు నేను నూజివీడులో ఒక డాక్టరు గారి దగ్గర కంపౌండరుని. కంపౌండరంటే డాక్టరు రాసిన చీటీ చూసి మిక్చర్ కలిపి, సీసాకు మోతాదు గుర్తులున్న కాగితం అంటించి ఇచ్చేవాడు. వారంలో ఆరు రోజులు అదే పని. ఆదివారం మాత్రం మంచం దిగలేని రోగుల ఇళ్ళకు సైకిలు మీద వెళ్ళేవాణ్ణి. దానికి జీతం లేదు, వెళ్ళమని ఎవరూ చెప్పలేదు కూడా. మా నాన్న ఏడాదిపాటు మంచాన ఉన్నప్పుడు, గుమ్మంలోకి ఒక్క మనిషైనా వచ్చి పలకరిస్తే బాగుండునని మా అమ్మ వీధివైపు చూస్తూ ఉండేది. అది గుర్తుండి వెళ్ళేవాణ్ణి. వీపున పుళ్ళు పడకుండా రోగిని ఎలా తిప్పాలో, పడుకున్న మనిషి కింద దుప్పటి ఎలా మార్చాలో ఇంట్లోవాళ్ళకు చూపించేవాణ్ణి.

నాకు అన్నీ తెలుసనే ధీమా కూడా ఉండేది లెండి. అది కాస్తా వెంకాయమ్మ గారింట్లో దిగిపోయింది.

ఆవిడకు అరవై దాటాయి. ఊరికి దూరంగా మామిడి తోటలోనే ఇల్లు. పెరాలిసిస్ వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, వాటితోపాటు మాటా పడిపోయాయి. అవి రసాల కోత రోజులు. కొడుక్కి తోటలోనే తెల్లవారేది, పొద్దుగూకేది. చాకిరీ అంతా కోడలు సీతారావమ్మదే. మొదటి ఆదివారం నేను వెళ్ళి, పెద్ద ఆసుపత్రి పద్ధతిలో ఒక టైమ్‌టేబుల్ రాసి గోడకు అంటించాను. ఎనిమిదింటికి జావ, పన్నెండింటికి మెత్తగా పిసికిన అన్నం, ఇలా. "ముందు పేషెంటుకు, తర్వాతే ఇంట్లోవాళ్ళకు" అని కింద గీత గీసి మరీ రాశాను.

రెండో ఆదివారం వెళ్ళేసరికి సీతారావమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"తినడం లేదండీ. పళ్ళు బిగించేస్తున్నారు. బతిమాలితే ఎడమచేత్తో కంచం తోసేస్తున్నారు. నాలుగు గుక్కల మజ్జిగ తప్ప లోపలికేం పోవట్లేదు."

చెంచాతో నీళ్ళు పట్టి చూశాను. చక్కగా మింగింది. గొంతులో లోపం లేదు. ఆకలి పుట్టడానికి మిక్చర్ ఇచ్చాను. అది తాగింది, అన్నం మాత్రం ముట్టలేదు. బతుకు మీద విరక్తి పుట్టిందా? మతి సరిగ్గా లేదా? నాకు పాలుపోలేదు. చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, దారిలో సైకిలు తొక్కుతూ కోడలినీ అనుమానించాను. ఏం చేసిందో ఏమో, ఆమె చేతి ముద్ద అత్తగారు వద్దంటోందంటే ఊరికే అంటుందా అనుకున్నాను.

మూడో ఆదివారానికి చింతలపూడి నుంచి వెంకాయమ్మ గారి కూతురు దిగింది. వాకిట్లో కూలీలంతా వింటుండగానే అరుస్తోంది.

"మా అమ్మని మాడ్చి చంపుతోందండీ ఈవిడ! రేపు పొద్దున్నే బండి కట్టించి తీసుకుపోతాను."

ఆ ఎండలో, ఆ గతుకుల్లో, ఎద్దుబండి మీద చింతలపూడి దాకా ఆ ప్రాణం నిలవదు. ఆ మాట చెప్పినా కూతురు వినలేదు. సీతారావమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"నన్నేమన్నా పరవాలేదండీ. నేను పెడితే ఎందుకొద్దంటున్నారో అది చెప్పండి చాలు. పధ్నాలుగేళ్ళు ఒక్క పొయ్యి దగ్గర మెలిగినవాళ్ళం."

నేనే మంచం పక్కన కూర్చుని ముద్ద కలిపాను. వెంకాయమ్మ గారు పెదవులు బిగించి, ఎడమచేత్తో కంచం తోసింది. చూపు నా మీద లేదు. నా వెనకాల నుంచున్న కోడలి మీద ఉంది. అది చూశాను, అయినా ఏమీ అర్థం కాలేదు.

వరండాలో కాయలు ఏరుతున్న నరసమ్మ అనే కూలామె కిటికీలోంచి పలికింది.

"కంపౌండరు గారూ, ఓ మాట అడగనాండి? ఆయమ్మ ఏనాడన్నా ముందు తిందాండి? మా కూలోళ్ళకి పెట్టి, కొడుక్కి పెట్టి, ఈ కోడలమ్మకి దగ్గరుండి వడ్డించి, అప్పుడు కదండీ తన కంచం తీసేది."

"ఇప్పుడందరూ తిన్నారుగా?"

"ఈ అమ్మ తిందాండి?"

సీతారావమ్మ తల దించుకుంది. "అత్తగారి కడుపులో మెతుకు పడకుండా నేనెట్టా తింటానండీ? మీరూ అదే రాశారుగా." గోడ మీది కాగితం చూపించింది. పొద్దుగూకాక ఏదో ఇంత గతికి పడుకుంటోందట. అప్పుడు చూశాను ఆమె ముఖం. చెంపలు లోపలికి పోయాయి. వారం వారం వచ్చి అత్తగారి నాడి చూసినవాణ్ణి, పక్కనే నుంచున్న మనిషిని ఒక్కసారీ చూడలేదు.

ముందు మీరు తినండమ్మా అన్నాను. ఆమె కదల్లేదు. అత్తగారికి పెట్టకుండా, ఆడపడుచు ఎదుట ఎలా తింటుంది? అప్పటిదాకా అరిచిన కూతురు కాసేపు తల్లిని, వదినని మార్చి మార్చి చూసింది. వంటింట్లోకి వెళ్ళి అన్నం వడ్డించుకొచ్చి మంచం ముందు పెట్టింది. "తిను వదినా," అంది, గొంతు తగ్గించి.

సీతారావమ్మ ఏడుస్తూనే తింది. వెంకాయమ్మ గారు కంచం ఖాళీ అయ్యేదాకా రెప్ప వేయలేదు. ఆ తర్వాత కోడలు చెయ్యి కడుక్కొచ్చి ముద్ద అందిస్తే నోరు తెరిచింది. రెండు వారాలుగా ఆవిడ కంచాన్ని జరుపుతున్నది కోడలి వైపేనని అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు. గోడ మీది కాగితం నేనే చింపేశాను. బండి కట్టలేదు.

మెదడు దెబ్బతిన్న మనిషికి అంత ఎలా తెలిసిందో డాక్టరు గారూ చెప్పలేకపోయారు. నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్ళినా, రోగి నాడి పట్టుకోకముందు రోగిని చూసుకునే మనిషిని "మీరు తిన్నారా?" అని అడగడం మాత్రం అలవాటైంది. చాలామంది కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

మరుసటేడు తోట పూతకొచ్చిన రోజుల్లో వెంకాయమ్మ గారు పోయారు. కర్మలయ్యాక ఒక ఆదివారం పలకరించడానికి వెళ్ళాను. సీతారావమ్మ భోజనం చేసి వెళ్ళమంది. కంచం ముందు కూర్చున్నాక అలవాటు కొద్దీ అడిగాను.

"మీరు తిన్నారా?"

"తింటాలెండి. ఇప్పుడు అడిగేవాళ్ళెవరున్నారు," అంది.

నా కంచం ఎడమచేత్తో ఆమె వైపు జరిపి కూర్చున్నాను.