పదిహేనో ప్రశ్న

ఆ లైటు అలాగే ఉండనీండి... ఆర్పేస్తే నేను చెప్పలేను. నవ్వినా సరే, నమ్మకపోయినా సరే. నా చదువు మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు. కల్పించానన్న మాట ఒకసారి పడ్డాను కూడా. అక్కడికీ వస్తాను.

డిగ్రీ రెండో ఏడాది పరీక్షలు అయిపోయాయి. వేసవిలో ఎనిమిది వారాల పబ్లిక్ పాలసీ ఫెలోషిప్ వచ్చింది నాకు. వేట నిషేధం రోజుల్లో మత్స్యకారుల ఇళ్ళు ఎలా గడుస్తాయో తెలుసుకుని రిపోర్టు రాయాలి. మాకు గైడ్ ఒక మేడమ్. మంచావిడే కానీ, ఒక్క గడి తప్పు నింపినా ఊరుకోరు. ముందు పద్నాలుగు ప్రశ్నలతో పది మందిని అడిగి రమ్మన్నారు. వాటిని చూశాకే అసలు ఫారం తయారు చేస్తారు.

తొమ్మిది ఫారాలు అయ్యాయి. పదోది రాత్రి కాపలా మనిషిది కావాలి. నిషేధంలో బోట్లన్నీ ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసి ఉంటాయి. వాటికి కాపలా కాసేవాళ్ళు పగలు నిద్రపోతారు. అందుకే రాత్రి వెళ్ళాల్సి వచ్చింది. కూర్మన్నపాలెంలో మా ఇంటి నుంచి అన్నయ్య నన్ను బండి మీద తెచ్చి, గేటు బయట టీ బడ్డీ దగ్గర ఆగిపోయాడు.

"బేగి వచ్చీ. పొద్దున్నే డ్యూటీకెళ్ళాల నాను" అన్నాడు.

లోపలికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఇది గుర్తుపెట్టుకోండి... ఒక్కదాన్నే.

మామూలు రోజుల్లో ఆ వేళకి అక్కడ కాలు పెట్టడానికి సందుండదు. ఆ రాత్రి ఐసు మిషన్ల చప్పుడు కూడా లేదు. బోట్లు ఒకదానికొకటి తగులుతుంటే మధ్యలో వేలాడే టైర్లు కిర్రు... కిర్రు... మంటున్నాయి. అంతే. వలల షెడ్డు కింద ఒకాయన బీడీ కాలుస్తూ కనిపించాడు. కాపలా మనిషి ఆయనే, నూకరాజు తాత. ఆరు పదులు దాటి ఉంటాయి.

సంగతి చెప్పాను. రికార్డు చేసుకోవచ్చా అని అడిగాను.

"సేసుకో పాపా. దాందేటుంది?" అన్నాడు.

వలల కుప్ప మీద కూర్చున్నాను. నా ఫోన్ రికార్డింగుకి పెట్టి, అన్నయ్య దగ్గర అడిగి తెచ్చుకున్న ఫోన్ లైటుతో కాగితం చూసి చదవడం మొదలుపెట్టాను. ఒకటో ప్రశ్న, రెండు, మూడు, నాలుగు... బాగానే చెప్పాడు.

ఐదోది చదవబోతుంటే దోమ కుట్టింది. చెయ్యి గోక్కుంటున్నాను. నోరు విప్పలేదు.

"నాలుగు నెల్లకోసారి" అన్నాడు తాత.

కాగితం చూశాను. ఐదోది... రేషన్ కాకుండా బియ్యం ఎన్నాళ్ళకోసారి కొంటారు?

సరేలే, ముందు ఎవరో ఇలాగే అడిగి ఉంటారు అనుకున్నాను. రాసుకున్నాను. తలెత్తేసరికి తాత నా వైపు చూడడం లేదు. నా ఎడమ పక్కకి... కొంచెం కిందకి చూస్తున్నాడు. ఎవరైనా చెబుతుంటే వింటాం చూడండి, అలా.

"ఊఁ" అన్నాడు. ఆగాడు. "పెద్దోడ్ని ఆరులోనే మానిపించీసినాం."

ఆరో ప్రశ్న పిల్లల చదువు గురించి.

ఆయన ఆగడం లేదు. వినడం... "ఊఁ" అనడం... జవాబు చెప్పడం. ఏడు. ఎనిమిది. తొమ్మిది. వరసగా. నా కాగితం మీద ఉన్న వరసలోనే. నా కాగితం ఇంగ్లీషులో ఉంది, తెలుగులోకి మార్చి అడుగుతున్నది నేనే. చెయ్యి దానంతటదే రాస్తోంది. ఎడమ పక్కకి తల తిప్పాలనే ఉంది... మెడ తిరగలేదు. ఆ పక్క చెవి మాత్రం చల్లగా అయిపోయింది.

పద్నాలుగు అయిపోయాయి. హమ్మయ్య అనుకున్నాను.

తాత ఇంకా వింటున్నాడు.

ఈసారి చాలాసేపు విన్నాడు. బీడీ వేళ్ళ మధ్యే ఆరిపోయింది. మొహం వాడిపోయింది.

"ఇద్దరు" అన్నాడు మెల్లగా. "ఒకడికి కాయితం ఇచ్చినారు. రెండోవోడికి... ఈయాల్టికీ నేదు."

"ఏంటి తాతా అది? నేను అడగలేదే?" అన్నాను.

వలలు పక్కకి నెట్టి లేచాడు. "అయిపోనాది కదా. ఎల్లిపో పాపా, ఇంక కూకోకు."

పరుగులాంటి నడకతో గేటు దగ్గరికి వచ్చి పడ్డాను. ఆ చివరి మాట కూడా ఫారం అంచున రాసి ఉంది. ఎప్పుడు రాశానో తెలీదు.

రెండు వారాలకి మేడమ్ కొత్త ఫారం ఇచ్చారు. ఒక ప్రశ్న పెరిగింది. పదిహేను... మీ ఇంట్లో వేటకి వెళ్ళి తిరిగి రానివాళ్ళు ఎందరు? వారి మరణ ధ్రువపత్రం అందిందా?

ఆ సాయంత్రమే నన్ను గదిలోకి పిలిచారు. బల్ల మీద నా పదో ఫారం ఉంది.

"ఈ ప్రశ్న నాకు తట్టింది నిన్న. జవాబు నీ పాత ఫారంలో ఎలా ఉంది? ఇంట్లో కూర్చుని కల్పించి నింపేశావా?"

ఏడుపొచ్చేసింది. ఆ ఒక్క మాటతో ఫెలోషిప్ పోతుంది, పేరూ పోతుంది. రికార్డింగు పెట్టాను. తేదీ చూపించాను. మేడమ్ మొత్తం విన్నారు. నాలుగు ప్రశ్నల వరకూ నా గొంతు. తర్వాత టైర్ల చప్పుడు, తాత జవాబులు... మధ్యలో ఖాళీ. ఆఖరి జవాబుకి ముందున్న ఖాళీ దగ్గర మేడమ్ ఫోన్ చెవికి ఆనించుకున్నారు. ఏం వినిపించిందో చెప్పలేదు. "తప్పు నాదే. ఆయన్ని ఇంకోసారి కలిసి రా. పగలు వెళ్ళు" అన్నారు.

మర్నాడు పగలే వెళ్ళాను. ఎండలో అదే షెడ్డు. నూకరాజు తాత అప్పుడే నిద్ర లేచి వల అల్లుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఆ రాత్రి నేను అడక్కుండానే ఎలా చెప్పారు తాతా?"

"అడక్కుండా నాను సెప్పడమేటి? నీతో వొచ్చిన పిల్ల అడిగింది కదా."

"నాతో ఎవరూ రాలేదు తాతా."

వల ఆపాడు. నా మొహంలోకి చూశాడు, అబద్ధమాడుతున్నానా అన్నట్టు.

"మరి పక్కనే కూకుంది కదే? నువ్వు లైటేసుకుని సదివినావు... ఆ పిల్ల సీకట్లోనే సదివింది."

ఎడమ పక్కకి చూడకుండా గేటు దాకా నడిచి వచ్చేశాను.

ఆ ఇంటి కథ రిపోర్టులో పెట్టాం. రెండో కొడుకు కాగితం కోసం మేడమ్ అర్జీ కూడా రాయించారు. తాత జవాబులన్నీ కొత్త ఫారంలోకి ఎక్కించాను. కింద 'ప్రశ్నలు అడిగినవారు' అని ఒక గీత ఉంటుంది. అక్కడ నా పేరు రాయాలి.

రాశాను... కానీ చాలాసేపు పట్టింది. ఇప్పటికీ ఆ గీత మీద రాసింది నిజమో కాదో నాకు తెలీదు.