మామ తుంచిన అప్పం

మొన్న సాయంత్రం మూలకుళంలోని మా ఇంట్లో మా అమ్మాయి కెమిస్ట్రీ పుస్తకం ముందేసుకుని, "అమ్మా, రేడియోధార్మిక పదార్థం ప్రతిసారీ సగమే తగ్గితే ఎప్పటికీ సున్నా కాదు గదా?" అని అడిగింది. పాపం, పిల్ల అడిగింది పాఠం గురించే. నాకు మాత్రం సిగ్గుతో ముఖం వేడెక్కింది. ఇదే మాట మా పుట్టింట్లో ఒకప్పుడు చేసిన నిర్వాకం దానికి తెలియదు. అప్పుడది ఒళ్లో పసికందు.

దాని పురిటికి నేను కోసపాళయంలో అమ్మ దగ్గరికి వచ్చాను. అమ్మకు తోడుగా ఆ ఇంట్లో మామ ఉండేవాడు. అమ్మకు తమ్ముడు, వీధి పిల్లలకు సైన్సు ట్యూషన్ మాస్టారు. మా వైపు మైలను తీట్టు అంటారు. ఆ మాట చెవిన పడితే చాలు, మామ ఇంతెత్తున లేచేవాడు. పురిటి మైలలో ఉన్న నన్ను అందరి పంక్తిలో కూర్చోబెట్టి అన్నం పెట్టించిన ఘనుడు. రేడియో తరంగాలు, టార్చి వెలుతురు, ఎక్స్‌రేలు, గామా కిరణాలు అన్నీ ఒక తల్లి పిల్లలేననీ, వాళ్లలో గామా పొగరుబోతనీ ఆయన పాఠం చెబుతుంటే, వంటింట్లో అమ్మ గరిటె ఆపి మరీ వినేది.

ఆ అమ్మకే థైరాయిడ్ జబ్బు వచ్చి, ఆస్పత్రిలో రేడియో అయోడిన్ గుళిక మింగించారు. కొన్ని వారాలు ఒంట్లోంచి గామా కిరణాలు వస్తాయి, అందాకా పసిబిడ్డను ఎత్తుకోవద్దని డాక్టరు చెప్పి పంపారు. అమ్మ మిద్దె మీది గదిలోకి మారింది. తినే తట్ట వేరు, తాగే చెంబు వేరు. అన్నం మెట్ల మీద పెట్టి వచ్చేవాళ్లం. పిల్ల ఏడిస్తే అమ్మ కిటికీ దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది.

గడువు దగ్గరపడ్డాక ఒకరోజు మెట్ల పైనుంచి అడిగింది.

"ఏం రా, ఇది పూర్తిగా ఎప్పుడు పోతాది?"

మామ టిఫిను తింటున్నాడు. మాస్టారి నోరు ఊరుకుంటుందా? చేతిలోని అప్పాన్ని రెండుగా తుంచాడు. "ఎనిమిది దినాలకు సగం అక్కా. ఇంకో ఎనిమిదికి దాంట్లో సగం." తుంచుతూ తుంచుతూ, చివరికి వేలికి అంటుకున్న రవ్వంత ముక్కను ఎత్తి చూపించాడు. "లెక్కకయితే ఎప్పటికీ సున్నా కాదు!"

ఆ మిగిలింది ఎవరికీ హాని చెయ్యదని ఒక్క ముక్క చేర్చి ఉంటే ఎంత బాగుండేది. అమ్మ తలూపి లోపలికి వెళ్లింది.

గడువు దాటింది. అమ్మ దిగలేదు. తనకు తనే వస్తుందిలే అని నేను, మొండికేసిందని మామ. తట్ట మాత్రం మెట్ల మీదికి వెళుతూనే ఉంది. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు నవ్వుతూ, "మనవరాలు చంక దిగడం లేదా?" అని అడిగారు. మామ తల దించుకున్నాడు.

ఇంటికొచ్చి ఇంక హాని లేదని ఎంత నచ్చజెప్పినా అమ్మది ఒకటే మాట, "సున్నా కాదంటివే!" చివరికి తీట్టంటే మండిపడే ఆ మనిషే, బిందెలో పసుపు నీళ్లు కలిపి మెట్ల మీదుగా మోసుకెళ్లాడు.

"పోసుకో అక్కా. ఈ పొద్దుతో తీట్టు పోయింది" అన్నాడు. ఆ మాట అంటూ నా వైపు చూడలేకపోయాడు.

అమ్మ తడి జుట్టుతోనే దిగి వచ్చి పిల్లను ఒళ్లోకి తీసుకుంది. దాని అరికాళ్లు నిమురుతూ, మెల్లగా అంది.

"నీళ్లకి పోయేది కాదని నాకు తెల్దా రా? నీ పాఠాలు విన్నదాన్నే గదా. ఎవురన్నా కిందికి రమ్మంటారేమోనని చూస్తా ఉంటిని."

మామ ఖాళీ బిందె తీసుకుని పెరట్లోకి పోయాడు. మెరుస్తున్న బిందెను చాలాసేపు తోముతూ కూర్చున్నాడు. నాకు ఆ పని కూడా దొరకలేదు.

"సున్నా కాదు గానీ హాని చెయ్యదు, అది కూడా రాసుకో" అన్నాను మా అమ్మాయితో. అమ్మ ఒంట్లోని అయోడిన్ ఎప్పుడో పోయింది, అమ్మా పోయింది. మేము పిలవని ఆ రోజులు మాత్రం ఇన్నేళ్లకీ నాలో సగం కూడా తగ్గలేదు.