కందిచెల్కలో వరి

మా ఊళ్లో బియ్యం కొనుక్కుని తినేవాణ్ని రైతుల్లో లెక్కవెయ్యరు. చొక్కా కొనుక్కోవచ్చు, చెప్పులు కొనుక్కోవచ్చు, ఆఖరికి ఎడ్లనూ కొనుక్కోవచ్చు. బియ్యం మాత్రం సొంత పొలంలోవే కావాలి. ఆ పొలానికి నీళ్లున్నాయా లేవా అన్నది ఎవరికీ పట్టదు. ఈ గౌరవం మా ఇంట్లో రెండేళ్లు చేసిన నిర్వాకం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తొంభైల్లో కోదాడ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేటప్పుడు ఏటా ఒక పాఠం వచ్చేది. రెండు దేశాలు, రెండు సరుకులు. ఒకసారి ఒక అమ్మాయి లేచి, "ఒక దేశం రెండిట్లోనూ గొప్పదైతే, ఆ రెండో దేశంతో దానికేం పనండీ మేడమ్?" అని అడిగింది. మా మామయ్యను అడగవమ్మా అని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

మాది తిరుమలగిరి దగ్గర మెట్ట పల్లె. అయిదెకరాల ఎర్ర చెల్క, అడుగున నీళ్లుండే బావి ఒకటి. వానాకాలం కంది వేస్తే దాని మానాన అది పండేది. ఆ కందులను మా అమ్మ నానబెట్టి, ఎర్రమన్ను పట్టించి, ఎండబెట్టి, విసుర్రాయి మీద విసిరితే గింజ నలగకుండా రెండు బద్దలయ్యేది. నాన్నకు అక్క, అంటే మా మేనత్త, మిర్యాలగూడ దగ్గర సాగర్ కాలువ కింది ఊళ్లో ఉండేది. వాళ్లది రేగడి, ఏడాదికి రెండు కార్లు వరి. ఏటా మా పప్పు అటు పోయేది, వాళ్ల బియ్యం ఇటు వచ్చేది. వదినా మరదళ్లిద్దరూ కుదుర్చుకున్న పద్ధతి అది. ఎవరూ తూకం వెయ్యలేదు, ఎవరూ చిన్నబోలేదు. నాన్న కూడా దాన్ని కొనడం కింద జమకట్టలేదు. అక్క పంపుతోంది, తింటున్నాడు.

నేను సూర్యాపేటలో గది తీసుకుని డిగ్రీ చదువుతున్న రోజుల్లో అత్త వాళ్లింట్లో శుభకార్యమైంది. పంక్తిలో పదిమంది తింటుండగా మామయ్య గొంతు పెంచాడు.

"మా బామ్మర్ది పప్పు పంపుతున్నని మీసం దువ్వుతడు గానీ, మాకు కందులకేం తక్కువ? మా గట్ల మీద ఏసిన కందే ఆయన చెల్క కంటే మంచిగ కాస్తది. ఏదో తమ్ముడు ఆకలికుంటడని వాళ్లక్క బియ్యం పంపుతది."

అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. తిరుగు బస్సులో సూర్యాపేట దాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుని, అక్కడ దిగాక ఒక్కటే మాటన్నాడు.

"రెండెకరాలు మడి చేస్త. బావి ఉంది, మోటరుంది. ఇగ ఎవని బియ్యం నా గడప తొక్కొద్దు."

నాకు అప్పుడే క్లాసులో ఆ పాఠం అయింది. నోరు ఊరుకుంటుందా!

"నాయినా, మామ చెప్పింది నిజమే అనుకో. రెండూ వాళ్లకే ఎక్కువ పండుతయ్. అయినా వాళ్లకు మన పప్పు కావాలె. ఒక్క బస్తా కందులు తీయాల్నంటే ఆ భూమిల వాళ్లు అయిదు బస్తాల వడ్లు ఒదులుకోవాలె. మనం బస్తన్నర ఒదులుకుంటే సాలు. అందుకే కంది మనం ఏసుడు, వరి వాళ్లు ఏసుడు ఇద్దరికీ లాభం."

"అంటే రెండిట్ల నేను తక్కువోణ్నే అని ఒప్పుకోమంటవ్."

"తక్కువైతే ఏమైతది? తక్కువోనికి కూడ లాభమే అంటున్న గద!"

"ఫీజు గట్టి సదివిస్తే కన్నతండ్రిని తక్కువోడనుడు నేర్సుకున్నవా?"

అమ్మ నా మోచెయ్యి గిల్లింది. వాదన నాదే సరైనది, ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ "మామ చెప్పింది నిజమే" అని మొదలుపెట్టిన నాడే ఓడిపోయానని తెలుసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

బావి కింది రెండెకరాలు మడయ్యాయి. చెల్క నేల నీళ్లను నిలవనిస్తుందా? పోసినవి పోసినట్టు తాగేది. కరెంటు ఉన్నంతసేపే మోటరు, బావిలో నీళ్లున్నంతసేపే కరెంటుతో పని. నారు అమ్మే పోసింది, నాట్లు అమ్మే వేసింది, కలుపు అమ్మే తీసింది. కందికి ఆమె ఎన్నడూ అంత నడుం వంచలేదు. కాళ్ల వేళ్ల సందులు ఒరుసుకుపోయి పసుపు రాసుకుని కుంటుతుంటే నాన్న, "మొదటి ఏడు గట్లనే ఉంటది" అన్నాడు. పొట్ట మీదికి వచ్చేసరికి బావి అడుగంటింది. వచ్చిన వడ్లు సంక్రాంతి దాటాక నాలుగు నెలలకు కూడా సరిపోయేలా లేవు.

అప్పుడు మేనత్త నా గదికి వచ్చింది. చంకలో సంచి, మొహం నిండా కోపం.

"మీ మామ గట్ల మీది కందులు మంచిగనే కాసినయ్ బిడ్డా, అబద్ధమెందుకు? కానీ కంది కోతకొచ్చేది యాసంగి నాట్లప్పుడే. నేను నాటేసేదా, కందులు కొట్టేదా? ఇసిరితే సగం నూకైంది. మీ అమ్మకు చెప్పు, శనివారం ఇక్కడికి రమ్మని."

నేను తండ్రికి చెప్పలేకపోయిన పాఠాన్ని, పలక పట్టని మా అత్త నాలుగు ముక్కల్లో చెప్పేసింది.

ఆ శనివారం నుంచి పదిహేను రోజులకోసారి సూర్యాపేట బస్టాండులో బేరం మొదలైంది. అమ్మ తిరుమలగిరి బస్సు దిగేది, అత్త మిర్యాలగూడ బస్సు దిగేది. మూటలు మారేవి. ఆ తర్వాత రెండు గంటలు వాళ్లు బస్సు ఎక్కేవాళ్లు కాదు. మిర్చి బజ్జీలు తినేవాళ్లు, మొగుళ్లను తిట్టుకునేవాళ్లు. మా ఇంట్లో అలా నవ్వే అమ్మను నేను చూడలేదు.

"మీ అన్న ఏమన్నడో తెలుసా మరదలా? బజార్ల కొన్న పప్పు మస్తుంది, గదే షావుకారు దగ్గర తెమ్మన్నడు."

"మరి నీ తమ్ముడు? మన మడి బియ్యం కమ్మగుంటయ్, కాలువ బియ్యం సప్పగుంటయ్ అనవట్టె!"

బియ్యం గోలెంలో చెయ్యి పెట్టి చూడటం మా ఇంట్లో మగవాళ్ల పని కాదు కాబట్టి రెండేళ్లు ఎవరికీ ఏమీ తెలియలేదు. నాకు మాత్రం కడుపు మండిపోయేది. "చెప్పెయ్యమ్మా" అంటే, "గమ్మునుండు. ఆయన గౌరవం ఆయనకుండనీ, మన అన్నం మనకుండనీ" అనేది.

అక్కడే దెబ్బతిన్నాం. నాన్న చూసేది ఒక్కటే: రెండెకరాల మడి, ఏడాది పొడవునా కంచంలో అన్నం. ఇంత బాగా పండే భూమిని కందికి వదిలెయ్యడమేమిటని ఆయనకు అనిపించడంలో తప్పేముంది? వరి చేసిన నష్టాన్ని అమ్మ పప్పు మోసుకెళ్లి పూడుస్తుంటే, వరే లాభమని ఆయన నమ్మాడు. రెండో ఏడు ఎండాకాలం సెలవులకు ఇంటికి వెళ్లేసరికి మిగిలిన మూడెకరాలూ చదును చెయ్యడానికి ట్రాక్టరు మాట్లాడి ఉంచాడు. అమ్మ మొహంలో రక్తం లేదు. ఆ మూడెకరాలు పోతే కంది లేదు. కంది లేకపోతే ఆమె చేతిలో మార్చుకోవడానికి ఏమీ మిగలదు.

అన్నం తింటున్నప్పుడు నాన్నే ఎత్తుకున్నాడు.

"సూసినవా? మీ పుస్తకాలు తప్పు. నా మడి నన్ను సాదుతున్నది."

"నీ మడి కాదు నాయినా, అమ్మ సాదుతున్నది. నువ్వు తినేవి మామ బియ్యం. రెండేండ్లసంది."

చెయ్యి కంచంలోనే ఆగింది. అమ్మ వైపు చూశాడు. అమ్మ చారు గిన్నె వైపు చూసింది. అంత మాట విన్నాక కూడా అన్నం వదిలేసి లేవలేదాయన. అన్నం మొత్తం తిన్నాడు, నెమ్మదిగా, మెతుకు మిగల్చకుండా. తర్వాత చెయ్యి కడుక్కుని పోయి ట్రాక్టరు వద్దని చెప్పి వచ్చాడు.

గెలిచానని అనుకున్నాను. అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు అన్నది ఇదీ: "నీకు నిజం చెప్పే సోకు. దాని కిరాయి నేను కట్టాలె."

కట్టింది కూడా. వానలు పడగానే అయిదెకరాల్లోనూ కందే వేశారు. అమ్మే విసిరింది. పప్పు బస్తా మాత్రం ఈసారి నాన్న భుజానికెత్తుకుని స్వయంగా మిర్యాలగూడ వెళ్లాడు. మామయ్యా ఆయనా పీటలేసుకుని, "మీది మీరు, మాది మేము, ఎంత మంచి పద్ధతి!" అనుకున్నారట. ఊళ్లో అందరూ నాన్న తెలివిని మెచ్చుకున్నారు. బియ్యం నేరుగా ఇంటికి వచ్చాయి. ఇద్దరికీ లాభమే, నా పాఠంలో ఉన్నట్టే. ఆ లాభం ఎవరి కష్టంలోంచి వచ్చి ఎవరి పేరు మీద చేరుతుందో మాత్రం ఆ పాఠంలో లేదు. నేనూ ఎన్నడూ అడగలేదు.

"నువ్వు కూడ నాయినతోటి పోరాదే?" అన్నాను అమ్మతో.

"నాకేం పని గాడ? మూట మోసేటాయన దొరికిండు గద" అంది, చాట చెరుగుతూ.

ఆ మాట విని సూర్యాపేట తిరిగి వెళ్లిన రోజే రెండు కార్డులు రాశాను. నాకు జ్వరం, శనివారం వచ్చి చూసిపొమ్మని ఒకటి తిరుమలగిరికి, ఒకటి మిర్యాలగూడకు. ఇద్దరూ వచ్చారు, ఇద్దరూ వట్టి చేతులతోనే. నా నుదురు పట్టుకు చూసి, చల్లగా ఉందని తెలిశాక చెరొకవైపు నిలబడి తిట్టారు. అబద్ధాలకోరు అంది అమ్మ. తన ప్రాణం పోయినంత పనైందంది అత్త. తిట్లు అయిపోయేసరికి ఇద్దరి తలల మీది కొంగులూ భుజాల మీదికి జారాయి. అత్త గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంది.

"ఇగ చెప్పు మరదలా. మీ ఆయన నాతోని ఏమన్నడో ఎరికేనా?"

నేను పుస్తకాలు తీసుకుని, తలుపు దగ్గరికి వేసి కాలేజీకి వెళ్లిపోయాను. వచ్చే నెల ఏ జబ్బు తెచ్చుకోవాలా అని దారి పొడుగునా ఆలోచిస్తూనే ఉన్నాను.