బావి అడుగున తూటా పెట్టింది ఓబులేసు అయ్యవారు కాదు

మా భూగోళం అయ్యవారు ఓబులేసు గారు పోయారన్న కబురు జమ్మలమడుగు బస్సు దిగిన మనిషి నోట విన్నాను. నడి ఎండలో గొడుగు లేకుండా ఎర్రమల కొండల్లో తిరిగిన మనిషి జ్వరంతో మంచం పట్టి పోయాడంటే నమ్మబుద్ధి కాలేదు. దుఃఖంతోనే సంతాపసభకు వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు నాలో మిగిలింది దుఃఖం కాదు, కోపం.

సభకు అధ్యక్షుడు మా అన్న, అంటే మా పెదనాయన కొడుకు, మా ఊరి పెద్ద. "అయ్యవారు శానా మంచోడు. పాఠం చెప్పడంలో ఆయప్పకు సాటి లేరు. అయితే ఆయప్ప చెయ్యి చూపించిన చోట నీళ్లు మాత్రం నిలవవప్పా!" అన్నాడు. జనం నవ్వారు. నేను లేచి మాట్లాడబోతే పక్కనున్నాయన పంచె పట్టి లాగి, "కూచోప్పా, పోయినాయన సభలో గలాటా యాల?" అన్నాడు. పోయినవాణ్ణి ఎగతాళి చేస్తే మర్యాద, నిజం చెప్పబోతే గలాటా! అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఆయన శిష్యుణ్ణి. కర్నూలు, కడప జిల్లాల సంగతి ఆయన పటం మీద మొదలుపెట్టేవారు కాదు. ఎవరి ఊరి రాయి వాళ్లు తెమ్మనేవారు. బల్ల మీద నాపరాయి, పలుగురాయి, వేంపల్లె ముగ్గురాయి, పులివెందుల రాతినార పరిచి పాఠం చెప్పేవారు. పాఠ్యపుస్తకంలో 'మన ప్రాంతం ఖనిజ సంపన్నమైనది' అన్న వాక్యం రాగానే ఆయనకు ఒళ్లు మండేది. "ముగ్గురాయి రంగుల్లోకి పోతాది, రాతినార రేకులై ఎవరి ఇంటి కప్పుకో పోతాది. తవ్వేవాని ఇంటి మీద బోదగడ్డి కప్పే ఉండాది. రాసుకోండప్పా, మన మొదటి ఖనిజం నీళ్లు. అది మీ పుస్తకంలో లేదు" అనేవారు.

పడమటి మబ్బు కనుమల్లోనే కురిసి మా దగ్గరికి ఉత్త చేతులతో వస్తుంది. తూర్పు మబ్బు నల్లమల దాటేసరికి అలిసిపోతుంది. ఆ మిగులు వాన ఎక్కడ ఇంకి, ఏ రాతిపొర వెంట నడిచి, ఎక్కడ ఆగుతుందో కనిపెట్టడమే ఆయన జీవితకాల తపస్సు. "నీళ్లు రాయిలో ఉండవు, రాయి సందులో ఉంటాయి" అనేవారు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఒక అధికారి డేరాలో కూర్చుని, మీ వైపు ఏమేమి ఉన్నాయని అడిగాడట. "పైన మీరుండారు సామీ, కింద నీళ్లుండాయి. నడుమ రాయి ఉండాది. రాయితో ఇబ్బంది లేదు" అని వచ్చారట.

ఆయన దేవుడేమీ కాదు. నోటి దురుసు ఎక్కువ. ఒకసారి లెక్క తప్పి, ఒక రైతుకు బావి కోసం చూపించిన చోట ఉప్పునీళ్లు పడ్డాయి. మరునాడే ఆ రైతు ఇంటికి వెళ్లి, "తప్పు నాదప్పా" అని, ఆ నీళ్లే చెంబెడు తాగి వచ్చారు. తన తప్పును గుక్కెడు గుక్కెడుగా మింగిన మనిషి మీద మా ఊరు తన తప్పును మోపింది.

మా ఊరు నాపరాయి మీద కూర్చుంది. ఆ రాయి కింద అక్కడక్కడా బిలాలు. వంక పక్కన ఆయన చూపించిన చోట బావి తవ్వితే నడుములోతు నీళ్లు పడ్డాయి. ఆడవాళ్లు కడవలు ముంచుకున్నారు. అయ్యవారు గట్టు మీద నిలబడి, "ఇంతటితో ఆపండి. ఊట పక్కల నుంచి వస్తాంది. కావాలంటే వెడల్పు చేయండి, కిందికి మాత్రం పోవద్దు. ఈడ రాయి పలచన" అన్నారు.

మా అన్న నవ్వాడు. "నడుములోతు నీళ్లు యా మూలకు? రెండు తూటాలు పేలిస్తే కపిల కట్టి ఎద్దులతో తోడొచ్చు. మీరు బడికి పోండి అయ్యవారూ, బాయి సంగతి మేం చూసుకుంటాం."

నీళ్లు తోడించి, అడుగు రాతికి బెజ్జాలు వేసి, మందు కూరిన తూటాలు పేల్చారు. మళ్లీ ఊరిన నీరు ఊరినట్టే పగుల్లోకి జారిపోయింది. దాహంతో ఉన్న పశువు తాగుతున్నట్టు గుటకల చప్పుడు వినిపించింది. ఆ సందులోంచి చల్లటి గాలి వచ్చింది. పొద్దుగుంకేసరికి బావిలో తడి రాయి తప్ప ఏమీ లేదు. బిలం మీద బావి చూపించాడని ఊరంతా అయ్యవారినే తిట్టింది. ఆయన గట్టు మీదికి వచ్చి, "గిన్నె అడుగున చిల్లు పెట్టి, గిన్నె ఇచ్చినోన్ని తిడతాండారా?" అని అరిచారు. ఎవరూ వినలేదు. నేను అక్కడే ఉన్నాను. అన్న మాటకు అడ్డం చెప్పలేక తల వంచుకున్నాను. ఆ తర్వాత ఏ ఊరివాళ్లూ ఆయనను బావి చూపమని పిలవలేదు.

తర్వాత ఒకసారి జమ్మలమడుగు బజారులో ఎదురుపడ్డారు. ముఖం తిప్పుకోబోయాను. "ఏమప్పా, బాగుండావా? మీ ఊరి ఆడోళ్లు నీళ్లకు ఇంకా కుందూ ఏటికే పోతాండారా?" అని అడిగారు. నా మౌనం గురించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఇప్పుడు ఇంకొక విడ్డూరం. సభలోనే మా అన్న ఒక తీర్మానం చేయించాడు. మా ఊళ్లో కొత్తగా తవ్వుతున్న బావికి అయ్యవారి పేరు పెడతారట. దానిలో ఇప్పటికే మోకాలిలోతు నీళ్లు ఊరాయి. "అయ్యవారి పేరు మీద కదా, ఇంకా లోతుకు పోదాం. తూటాలు తెప్పిస్తాండా" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఈ రెండు జిల్లాల రాళ్లను చదివిన మనిషి వెళ్లిపోయాడు. మా కాలి కింద ఏముందో ఇక ఎవరిని అడగాలో నాకు తెలియదు. ఆయన పాదాలకు ఆలస్యంగానైనా నమస్కరిస్తున్నాను. మా ఊరివాళ్లకు చెప్పేదొక్కటే. ఆ బావికి ఆయన పేరు పెట్టకపోయినా ఫరవాలేదు, అడుగున మాత్రం తూటా పెట్టకండి. పెట్టే రోజున నేను బావిలోకి దిగి ఆ మోకాలిలోతు నీళ్లలో కూర్చుంటాను. అన్నా, ముందు నన్ను పైకి లాగి, ఆ తర్వాత పేల్చుకో.