రెండో చెరువు గెడలు

తవుడు నీళ్లలో నానితే కొంచెం తియ్యగా, కొంచెం పులిసినట్టు ఒక వాసన వస్తుంది. కొల్లేటి పక్క చేపల చెరువుల్లో ఇప్పుడు చాలాచోట్ల తేలే గుళికల మేత చల్లుతున్నారు, ఆ వాసన పలచబడిపోయింది. ఎప్పుడైనా అటు వెళ్లి అది ముక్కుకు తగిలితే, నేను ఏలూరులో పొద్దున్నే బస్సెక్కి గట్టు మీద దిగిన రోజులు గుర్తొస్తాయి. చేతిలో టిఫిన్ క్యారియరు, చంకలో అట్ట పుస్తకం.

ఆ చెరువులు తవ్విన నేల ఒకప్పుడు మాది. మా ముత్తాతగారి నాటి వరి పొలాలు మా నాన్నగారి హయాంలో ఒక్కొక్కటే చేతులు మారాయి. కొన్నాయన తండ్రి మాకు కౌలుదారు. ఆ కొన్నాయన దగ్గరే నేను చెరువుల లెక్కలు చూసే ఉద్యోగంలో చేరాను. గణాంకశాస్త్రం చదువుకున్నాను, తాడేపల్లిగూడెంలో ఒక చిన్న కాలేజీలో పాఠాలు చెప్పాను, అది మూతపడ్డాక ఇటు వచ్చాను. ఎవరి జాలితోనూ రాలేదు. యజమాని నన్ను చూడగానే కుర్చీ లాగి, "కూర్చోండి మేష్టారూ" అనేవాడు. నేను నిలబడే మాట్లాడేవాణ్ణి.

అక్కడ మేత పెట్టే పద్ధతి తెలియనివారికి చెప్పాలి. చెరువులో వెదురు గెడలు పాతుతారు. ప్లాస్టిక్ సంచులకు అడుగున కన్నాలు చేసి, తవుడు నింపి, దోనె మీద వెళ్లి ఒక్కో గెడకు ఒక్కో సంచి కడతారు. చేపలు వచ్చి కన్నాల దగ్గర మూతి పెట్టి లాక్కుని తింటాయి. మధ్యాహ్నానికి ఖాళీ సంచులు విప్పుకుని వస్తారు.

నేను చేరిన కొత్తలో నాకు నచ్చనిది ఆ గెడల వరస. ఒకటి మూలకు, రెండు గట్టు వారన, నాలుగు ఒకేచోట. చెరువుకీ చెరువుకీ పోలిక కుదరాలంటే అంతా ఒక పద్ధతిగా ఉండాలని నా చదువు చెప్పింది. ముందు రెండో చెరువు ఒక్కదానిలో మొదలుపెట్టాను. తాడు పట్టించి, చెరువు మధ్యగా నిలువునా ఒక్క గీతలో, సమాన దూరంలో గెడలు పాతించాను.

ఆ చెరువుకు మేత కట్టేవాడు నాకన్నా వయసులో చాలా పెద్దవాడు. మా పొలాల్లో నాట్లు వేసిన కుటుంబం. ఆరోజు దోనెలోంచి అన్నాడు: "బాబుగారూ, నడిమజ్జన ఊబి అడుసండీ. చేప అక్కడ తిరగదండీ."

"చేప నీకు చెప్పిందా?"

"చెప్పదండీ. తోక కొట్టుద్దండీ, మనం చూసుకోవాలి."

గట్టు మీద ఉన్నవాళ్లు నవ్వారు. నాకు కోపం వచ్చింది. "చెప్పింది చెయ్యి" అన్నాను. అతను చేశాడు. ఆ మాట నేను పుస్తకంలో రాయలేదు.

రెండు నెలలకు వల వేయించి, ప్రతి చెరువులోనూ కొన్ని శీలావతి, కొన్ని బొచ్చె చేపలు పట్టించి తూచాను. మిగతావన్నీ బాగున్నాయి, రెండో చెరువు చేపలు మాత్రం ఎదగలేదు. చేపపిల్ల ఒకే చోటిది, నీటి పరీక్షలో తేడా లేదు, తవుడు తాడేపల్లిగూడెం మిల్లు నుంచి ఒకే లారీలో వచ్చింది. సంచులు ఖాళీగానే తిరిగొస్తున్నాయి. నేను రిపోర్టు రాశాను. చివరి వాక్యం ఇప్పటికీ గుర్తుంది: మేత చెరువులోకి చేరడం లేదని అనుమానించడానికి అవకాశం ఉంది.

యజమాని చదివి కాగితం మడిచాడు. "అంటే ముసలాడు తవుడు అమ్ముకుంటున్నాడంటారు."

"అలా అనలేదు."

"మీరు మెత్తగా రాశారండీ, నేను గట్టిగా చదివాను. అంతే తేడా. రేపట్నుంచి రావద్దని చెప్పేస్తాను."

ఆ వయసులో దొంగ అనిపించుకుని పోతే ఆ చుట్టుపక్కల ఏ గట్టు మీదా అతనికి పని దొరకదు. అప్పుడు గానీ నేను రాసిన వాక్యం బరువు నాకు తెలియలేదు. "తేలకుండా మనిషిని పంపకూడదు. నెల రోజులివ్వండి" అన్నాను.

మనుషుల్ని మార్చాను. అతన్ని మూడో చెరువుకు, మూడో చెరువు మనిషిని రెండోదానికి. తవుడు నా కళ్లముందే తూచి నింపించాను. తప్పు మనిషిలో ఉంటే మనిషితో పాటు మూడో చెరువుకు పోవాలి. నెల తరవాత మళ్లీ వల వేయించాను. మూడో చెరువు ఎప్పట్లాగే ఎదుగుతోంది. రెండోది అక్కడే ఉంది.

ఆ సాయంత్రం గట్టు మీది పాకలో కూర్చుని నా పట్టిక తిరగేశాను. పిల్ల, నీరు, మేత, మనిషి. అన్నిటికీ ఒక్కో గడి ఉంది. నేను మార్పించిన గెడలకు గడి లేదు. వాటిని పాతిన తేదీ కూడా పుస్తకంలో లేదు. కారణాలు వెతికేవాణ్ణి నేను కాబట్టి, నేనూ ఒక కారణం కావచ్చని నాకు తోచలేదు.

మర్నాడు మొదటిసారి దోనె ఎక్కాను. రెండో చెరువులోకి ఆ పాత మనిషినే తీసుకువెళ్లమన్నాను. దోనె ఊగితే అంచు పట్టుకున్నాను.

"గట్టిగా పట్టుకోకండి బాబుగారూ, మీరు బిగుసుకుంటే అదీ బిగుసుకుద్దండీ."

నడిమధ్య గెడ దగ్గర అతను సత్తు పళ్లేన్ని తాడుతో దింపి, అడుగున ఈడ్చి పైకి తీశాడు. నల్లటి అడుసు, దాని మీద కుళ్లిన తవుడు. పక్క గెడ దగ్గరా అంతే. చేప రాని చోట నానిన తవుడు కన్నాల్లోంచి తనంతట తానే జారి అడుగుకు చేరింది. సంచి ఖాళీ అయింది, చేప కడుపు నిండలేదు. తరవాత అతను చూపించిన పాత చోట రెండు గెడలు పాతించి సంచులు కట్టించాను. కాసేపటికి నీళ్లు కదిలాయి. తోకలు కొట్టుకున్నాయి. అతను నా వైపు చూడలేదు, అందుకు నేను ఈనాటికీ కృతజ్ఞుణ్ణి.

యజమానికి చెబితే నవ్వేశాడు. "పోన్లెండి. గాలి మారిందని రాసెయ్యండి. మీ ఇంటివాళ్లు మా వాళ్లముందు తప్పు ఒప్పుకుంటే నాకే బాగుండదు. ముసలాణ్ణి ఉంచేస్తాను, ఇంకేం కావాలి?"

మర్యాదగానే అన్నాడు. కానీ ఆ మాట ఒప్పుకుంటే, మేత కట్టేవాడు దయతో మిగిలిన దొంగ అవుతాడు. నా ఇంటి పరువు అతని పరువు మీద నిలబడుతుంది. రెండో రిపోర్టు రాశాను: గెడల స్థానం నేను మార్చాను, మేత కట్టేవాడు అప్పుడే హెచ్చరించాడు, నేను వినలేదు. పాకలో అందరి ముందూ చదివాను. ఒకచోట తడబడి, మళ్లీ మొదటినుంచి చదివాను.

అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ముందటి కాయితం చింపేస్తారాండీ?"

"చింపకూడదు. రెండూ ఫైల్లో ఉండాలి. తప్పు ఎవరిదో చదివినవాళ్లకు తెలియాలి."

తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "అయితే ఇది పైన పెట్టండి బాబుగారూ. జనం పైదే చదువుతారు."

పైనే పెట్టి పిన్ను కొట్టాను.