ఎండిన తొక్కలు

సింగపూర్‌లోని టాంపినీస్‌లో మా పై అంతస్తులో కడప నుంచి వచ్చినతను ఒకడుండేవాడు. కంప్యూటర్ ఉద్యోగాలకు మనవాళ్ళు వరసగా దిగుతున్న రోజులవి. నాకు తెలిసిన తెలుగువాళ్ళలో కంప్యూటర్ జోలికి పోనివాడు అతనొక్కడే. ఊరి చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటులో క్రేను నడిపేవాడు. నా భార్యను అక్కా అని, నన్ను బావా అని పిలిచేవాడు.

ఒక ఆదివారం మా ఇంట్లో తింటూ, వంటింటి గోడకున్న, చెత్త కిందికి జారే గొట్టం చూపించాడు.

"అక్కా, నువ్వు దాంట్లో వేసేదంతా నీళ్ళే. ఆ నీళ్ళు ఆవిరైతే కదా మంట పట్టేది! తడిదీ పొడిదీ కలిపీ కలిపీ నా చేతులు పీక్కుపోతాండాయి."

"ఎత్తేది క్రేను కదా, నీ చేతులకేం నొప్పి?" అంది.

అతను వేళాకోళానికే అన్నాడు. ఆమె మాత్రం మర్నాటి నుంచి బీరకాయ, సొరకాయ, అరటికాయ తొక్కలు శుభ్రంగా కడిగి, పళ్ళెంలో పరిచి, కిటికీ దగ్గర ఎండబెట్టసాగింది. వడియాలు పెట్టిన చేయి ఊరుకోదు. గలగలలాడాకే, అతను వస్తే చూపించి మరీ, గొట్టంలో వేసేది. సాయంత్రం నేను లైటు వేస్తే, "అది నా సొరకాయే" అనేది. చాంగీలో మా ఆఫీసు నడిచేది కూడా ఆమె బీరకాయల మీదేనట.

ఆమె పోయాక ఒక పళ్ళెం మిగిలింది. ఆస్పత్రికి వెళ్ళే ముందు ఎండబెట్టినది. అది చెత్తని నాకు తెలుసు. రోజూ గొట్టం దాకా తీసుకెళ్ళి, మూత తెరిచి, మళ్ళీ తెచ్చి కిటికీ దగ్గరే పెట్టేవాణ్ణి. వాన వస్తే లోపలికి జరిపేవాణ్ణి.

కర్మలయ్యాక ఆమె అక్క, మా వదినగారు, ఇంకో వారం ఉన్నారు. ఒక మధ్యాహ్నం పై అంతస్తు అతన్నీ భోజనానికి పిలిచారు. అన్నం పక్కన ఎర్రగా వేగిన ముక్కలు వడ్డించారు.

"చెల్లి పెట్టిన వరుగులు, మరిదిగారూ. కిటికీ దగ్గర కనబడ్డాయి. ఒంట్లో బాగాలేకపోయినా ఎండబెట్టుకుంది, పిచ్చిది. ఉప్పు మర్చిపోయింది, నేనే వేశాను."

నా చేయి ఆగింది. అతని చేయీ ఆగింది. అవి ఎక్కడికి పోవలసినవో మా ఇద్దరికే తెలుసు. అతను ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. వదినగారు మజ్జిగ కోసం లేచాక గొంతు తగ్గించాడు.

"బావా, మా ప్లాంటుకు రావాల్సిన సరుకిది."

"ఎలా ఉంది?"

"చుక్క తడి లేదు. దీంతో మంట బాగా పట్టుండేది."

నాకు నవ్వొచ్చింది. ఆమె పోయాక అదే మొదటిసారి. వదినగారు మజ్జిగతో వచ్చి మా ఇద్దరినీ అనుమానంగా చూశారు.

"ఇంకొంచెం వేయనా?"

"ఉన్నవన్నీ వేసేయండి" అన్నాను.

తిన్నాక పళ్ళెం నేనే కడిగాను. గొట్టంలో వేయడానికి ఏమీ మిగల్లేదు.