మీటింగుకి బొట్టు పిలుపు

ఆ రోజుల్లో లోకంలో ఏ చిక్కునైనా ఒక మీటింగు పెట్టి విప్పెయ్యొచ్చని నాకు గట్టి నమ్మకం. రాజమండ్రిలో ఎంబీయే చదివొచ్చాను మరి! భీమవరం దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో చేరి, ఆ వాసన మధ్య టై కట్టుకు తిరిగిన ఏకైక మానవుణ్ణి నేనే (ఐసు నీళ్ళలో మునుగుతోందని మూడో రోజు నుంచి జేబులో దోపుకున్నాను). ఆరు నెలల ప్రొబేషను ముగిసే వారంలో మేనేజరుగారు పిలిచి, "కొనుగోలు జట్టుకీ, ఒలిచే హాలుకీ మాట కలుపు. కలిస్తే నీ ఆర్డరు మీద సంతకం పెడతా. లేదంటే తణుకు బస్సెక్కెయ్" అన్నారు. తణుకులో మా నాన్న అప్పటికే నా ఉద్యోగం పర్మనెంటయిందని వీధంతా చెప్పేశారు. నాకు నిజంగానే భయం పట్టుకుంది.

చెరువుల మీద రొయ్యలు కొని లారీల్లో పంపే జట్టుకి పెద్ద, మీసాల రాజుగారు. వాటిని ఒలిచే హాలుకి పెద్ద, అందరూ పెద్దక్కగారని పిలిచే ఆవిడ. ఇద్దరికీ మధ్య ఒక్కటే గోడ. ఆయన లారీ వచ్చేసరికి హాల్లో ఆడవాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోయి ఉండేవారు. ఆవిడ అందర్నీ కూర్చోబెట్టిన రోజున లారీ జాడ ఉండేది కాదు. వీళ్ళ మధ్య ఏదో పాత పగ ఉందని తేల్చుకుని, ఇద్దరికీ మీటింగు మెయిల్ పెట్టాను. ఎవరూ రాలేదు. పన్నెండు సమోసాల ముందు నేనొక్కణ్ణే గంటసేపు కూర్చున్నాను (నాలుగు తిన్నాను, అబద్ధమెందుకు).

వెళ్ళి అడిగితే రాజుగారు నొచ్చుకున్నారు. "వద్దామనే ఉందండి. మరి మీరు పిలవలేదు కదండి?"

"మెయిల్ పెట్టానండి!"

"ఫోను టింగుమందండి. మనిషి రాలేదు."

పెద్దక్కగారిదీ అదే మాట. "పిలవని చోటికి ఎలా వస్తామండి బాబూ? పదిమందీ ఏమనుకుంటారు?"

నేనుంటున్నది మా పిన్ని ఇంట్లో. ఏడుపు మొహంతో సంగతంతా చెబితే, "అంత చదువులో ఇది చెప్పలేదేంట్రా?" అని కుంకుమ భరిణె పుచ్చుకుని బయల్దేరింది. హాల్లో మూతికి మాస్కులతో, తలకి టోపీలతో ఉన్నవాళ్ళందరికీ టోపీ పైకి జరిపి మరీ బొట్టు పెట్టింది. "గురువారం పదకొండింటికి లారీ టైమింగుల మీద మీటింగమ్మా. కాస్త ముందుగానే వచ్చి మాకు సాయంగా ఉండాలి." రాజుగారేమో, "మా ఇంట్లో ఆడవాళ్ళకి చెప్పలేదేంటండి?" అన్నారు. వాళ్ళింటికీ వెళ్ళాం. పిలుపన్నాక భోజనం ఉండాలన్నారు, భోజనమన్నాక టెంటు ఉండాలన్నారు. నేను రాసుకున్న అయిదు ముఖ్యాంశాల స్థానంలోకి పనసపొట్టు కూరా, గుత్తి వంకాయా వచ్చి చేరాయి.

గురువారం ఫ్యాక్టరీ ఆవరణంతా పట్టుచీరలూ, ఇస్త్రీ పంచెలూ. రాజుగారి బావగారెవరో నా చేతిలో గోడ గడియారం ఒకటి పెట్టి, "పెళ్ళికూతురేదండీ?" అని అడిగారు. నేను పట్టు వదలకుండా ప్రొజెక్టరు వెలిగించాను. వంటాయన సరిగ్గా దానికెదురుగా అరిటాకుల కట్ట నిలబెట్టడంతో నా మొదటి స్లైడు ఆకుల మీద పడింది. దాన్ని ఎవరూ చూడలేదు. ఈలోగా పిన్ని పంక్తిలో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, "ఈయన లారీలు పంపే రాజుగారమ్మా. ఈవిడ హాలు చూసుకునే పెద్దక్కగారండి" అంది. ఇద్దరూ నమస్కారాలు పెట్టుకున్నారు.

"లారీ ఎన్నింటికి పంపమంటారమ్మా?" అన్నారు రాజుగారు, అదేదో రోజూ అడిగే మాటలా.

"బయల్దేరే ముందు ఒక్క ఫోను కొట్టండి అన్నయ్యగారూ. మనుషుల్ని ఉంచుతాను."

"కొడదామనే ఉండేదమ్మా, మూడేళ్ళబట్టీ. పరిచయం లేని ఆడవాళ్ళకి ఫోను చేసి రొయ్యలూ, లారీలూ అంటే ఏం మర్యాదని ఊరుకున్నాను."

"నేనూ అంతేనండి. పిలవకుండా మీ షెడ్డుకొచ్చి అడిగితే ఏం బావుంటుందని..."

మూడేళ్ళు! పగా లేదు, పాడూ లేదు. ఒట్టి మర్యాద! పెరుగు వడ్డించేలోపు అంతా తేలిపోయింది.

మర్నాడు ఛాతీ విరుచుకుని ఆర్డరు కాగితంతో మేనేజరుగారి గదికి వెళ్ళాను. ఆయన తలెత్తలేదు. "భోజనాలు బావున్నాయటగా?" అన్నారు. "బావున్నాయండి" అన్నాను. "ఫ్యాక్టరీలో అందర్నీ పిలిచారటగా?" అన్నారు. అప్పుడు వెలిగింది, ఆయన్ని పిలవలేదని. కాగితం అలాగే వెనక్కొచ్చింది. ఆ సాయంత్రమే పిన్నీ నేనూ వాళ్ళింటికి పరిగెత్తాం. వాళ్ళావిడ సంబరంగా బొట్టు పెట్టించుకుని, "ఏం శుభకార్యమండి?" అంది. పిన్ని తడుముకోలేదు. "మీవారి సంతకమండి. రేపు పదింటికి, ఆయన గదిలోనే. మీరూ తప్పకుండా రావాలి." వచ్చారు, ఇద్దరూ! ఆవిడ పట్టుచీరలో పక్కన నిలబడగా ఆయన సంతకం పెట్టారు. నాన్న చెప్పిన మాట నిజమైంది.

ఇప్పుడు అలాంటి సంతకాలు పెట్టే కుర్చీలో నేనున్నాను. కాగితాలు కంప్యూటర్లోనే వస్తాయి, నొక్కేస్తాను. ఎవరి ఉద్యోగం ఖాయం చేశానో మొహం కూడా గుర్తుండదు. ఈమధ్య ఒకమ్మాయిది అలాగే నొక్కబోయి, ఎందుకో మనసొప్పక, తనవాళ్ళ ముందు నా చేత్తో సంతకం పెట్టి ఇద్దామని గదికి పిలిపించాను. "తప్పేమైనా జరిగిందా సార్?" అంటూ వచ్చింది. "ఏం లేదమ్మా, రేపు మీ ఇంట్లో పెద్దవాళ్ళని ఒకసారి తీసుకురా" అన్నాను ఎంతో ఆప్యాయంగా. పాపం, ఆ పిల్ల ఏడ్చేసింది. ఆ వయసులో నన్నెవరైనా అలా అంటే నేనూ ఏడ్చేవాణ్ణే.